దూదిలో చుట్టిన పొట్లగింజలు

మా ఊళ్ళో వసంతం వచ్చిందని తుమ్ముని బట్టి తెలుస్తుంది. దర్శికి కాస్త అవతల ఉంటాం. ఫాల్గుణం దాటేసరికి ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఆరుతుంటాయి. గాలి ఏ వైపు నుంచి వీచినా కాస్త ఘాటు మోసుకొస్తుంది. వీధి మొదట్లో ఒకరు తుమ్మితే చివరింటి దాకా అందరూ వంతులవారీగా అందుకుంటారు. మామిడిచెట్టు మీద కోయిల కూడా రెండుసార్లు కూసి మూడోసారి ఆగిపోతుంది. దానికీ గొంతు మండుతుందని నా అనుమానం. నిరూపించలేదు.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. సామ్రాజ్యాలు ఎందుకు పడిపోయాయో పది పాయింట్లలో రాయించడం నా వృత్తి. ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు ఉంది. అందులో ఒక మడి టమాటా, ఒక మడి గోంగూర, గోడ వారగా దోసపాదు, మధ్యలో వెదురు పందిరి. తోట మా ఆవిడది. పర్యవేక్షణ నాది. పర్యవేక్షణ అంటే పందిరి కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ.

ఆ కుర్చీలో కూర్చుని నేను గడిపిన పొద్దుల్ని లెక్కలోకి తీసుకుంటే నాకు పని లేదని ఎవరైనా అనుకోవచ్చు. తెల్లవారుజామున బోరు నీళ్ళు కాలవలో పాకుతూ ఒక్కో పాదు చుట్టూ చేరి, కాసేపు ఆకాశాన్ని చూపించి, ఇంకిపోయేవి. తడిసిన మట్టి వాసనలో మిరప ఘాటు కలిస్తే ఒక వింత మత్తు వస్తుంది. అప్పుడే లేచిన మనిషికి మళ్ళీ నిద్ర పట్టే మత్తు అది. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేది. ఎప్పుడు చల్లారిందో గ్లాసుకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

గోడ అవతల పరుపులు కుట్టే ఇల్లు. తాతలనాటి నుంచీ దూది ఏకే కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడని నేను పెద్దమ్మా అంటాను. రంజాన్‌కి సేమియా గోడ దాటి మాకు వస్తుంది. ఉగాదికి పచ్చడి గోడ దాటి వాళ్ళకి వెళుతుంది. మా పచ్చడి వాళ్ళు ఎలా తింటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేమే తినలేం.

ఒకప్పుడు పెద్దమ్మ పెరడు మా పెరటి కంటే పచ్చగా ఉండేది. రెండేళ్ళ కిందట వాళ్ళబ్బాయి దూది మిషను పెట్టడానికి అదంతా సిమెంటు చేయించాడు. మంచి సిమెంటు. ఎక్కడా పగుల్లేదు. అందులో ఏమీ మొలవదు, అదొక్కటే లోపం.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున ఆవిడ గోడ మీంచి ఒక పాత పౌడరు డబ్బా నా చేతికిచ్చింది. మూత తీస్తే లోపల దూది. దూది విప్పితే తొమ్మిది గింజలు. పొట్లగింజలు. గోధుమరంగులో, అంచులు గరుకుగా, ఎండిన పురుగుల్లా ఉన్నాయి.

"పెదకాకాని గింజ అబ్బాయ్ ఇది, మా పుట్టింటిది. మా అమ్మ పెట్టేది. నాకు పెళ్ళయినప్పుడు చీరల మధ్య పెట్టి పంపింది. మూరెడు కాయ. తెల్ల చార. వాసన రాదు."

"అంత మంచిదైతే మీ అక్కచెల్లెళ్ళ దగ్గర ఉండదా?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తా? అందరూ పోగొట్టుకున్నారు. షాపులో ప్యాకెట్లు కొనుక్కుంటన్నారు. ఇక ఇవే మిగిలినయ్. రెండేళ్ళ గింజలు. ఈ ఏడు భూమిలో పడకపోతే మళ్ళీ మొలవవు."

"మా ఆవిడకివ్వు పెద్దమ్మా, నా చేతికెందుకు?"

"మీ ఆవిడకే ఇస్తన్నా. నువ్వు మధ్యలో నిలబడ్డావు."

షరతు ఒక్కటే పెట్టింది. ఎన్ని కాయలైనా మేం తినొచ్చు. ఒక్క కాయ మాత్రం కొయ్యకుండా, పాదు మీదే పండి పగిలేదాకా గింజకి వదలాలి. ఆ గింజలు మళ్ళీ ఆ డబ్బాలోకి రావాలి. అంతే.

తొమ్మిదింటిలో మూడు మొలిచాయి. ఒకదాన్ని ఉడత కొరికింది. ఇంకొకటి ఏ కారణమూ చెప్పకుండా వాడిపోయింది. మిగిలిన ఒక్కదానికి మా ఆవిడ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. పదిహేను రోజుల్లో అది జానెడు లేచి, నులితీగని గాల్లోకి చాచి, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టింది.

"పందిరికి కట్టు. కొబ్బరితాడు కట్టావంటే కాడ కోసుకుపోద్ది. మెత్తటి గుడ్డ కట్టు," అంది పెద్దమ్మ గోడ మీంచి.

మా ఆవిడ ఇంట్లో లేదు. ఆవిడ పాత చీరలు ఏవో, పాతవిగా కనిపించే కొత్త చీరలు ఏవో నాకు తెలియదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా తెలియని విషయంలో వేలు పెట్టకూడదని పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ మా బావ సామాను ఉంటుంది. బావ అంటే మా ఆవిడ అన్నయ్య. మిరప, పత్తి వేస్తాడు. వీపుకి తగిలించుకుని మందు కొట్టే ట్యాంకులు రెండు ఆ షెడ్డులోనే పెడతాడు. రెండూ నీలం రంగువే, కవలపిల్లల్లా ఉంటాయి. అందులో ఒకదాని బెల్టుకి ఎర్రటి గుడ్డపేలిక కట్టి ఉంది. ఎండకీ వానకీ నలిగి వెన్నలా మెత్తబడింది. ట్యాంకుకి అలంకారం దేనికని విప్పి, తీసుకొచ్చి, తీగని పందిరి గుంజకి కట్టాను. ముడి వదులుగా, అందంగా కుదిరింది. చాలాసేపు దాన్నే చూసుకున్నాను.

చైత్రం వచ్చేసరికి తీగ పందిరెక్కింది. ఆకులు ఒకదాని మీద ఒకటి పడి నా కుర్చీ మీద ఆకుపచ్చటి నీడ వేశాయి. మధ్యాహ్నం సెలవుల్లో ఆ నీడలో కూర్చుంటే ఎండ చుక్కలు చుక్కలుగా రాలి పుస్తకం మీద కదిలేవి. ఏ రాజు ఏ రాజుని ఓడించాడో ఆ చుక్కల కింద సరిగ్గా కనపడేది కాదు. పొలాల వైపు నుంచి పత్తికట్టె పీకుతున్న ఆడవాళ్ళ మాటలు గాలికి తేలి వచ్చి, అర్థం పోగొట్టుకుని, వట్టి సవ్వడిలా మిగిలేవి. గోడ అవతల దూది మిషను మొదలైతే ఆ హోరులో అన్నీ కలిసిపోయేవి. సన్నటి దూది పింజలు గోడ మీంచి లేచి, మా పందిరి మీద వాలేవి. ఏప్రిల్ ఎండలో మంచు కురిసే ఊరు జిల్లాలో మాదొక్కటే.

తర్వాత పూత మొదలైంది. పొట్లపువ్వు చూడని వాళ్ళకి దాని గురించి చెప్పడం కష్టం. పొద్దు గూకి ఇళ్ళల్లో లైట్లు వేసే వేళకి విచ్చుకుంటుంది. తెల్లగా ఉంటుంది. రేకుల అంచులు విడిపోయి సన్నటి దారపుపోగులుగా అల్లుకుని ఉంటాయి. ఎవరో ఓపిక ఉన్న మనిషి కూర్చుని సూదితో లేసు అల్లి, ఎండ తగలకుండా సాయంత్రం ఆరేసినట్టుంటుంది. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడదు. కల్లాల మీద మిరప ఎరుపు ఆరిపోతూ ఉంటుంది. అప్పుడు పందిరంతా తెల్లతెల్లగా ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. చప్పుడేమీ ఉండదు. కానీ చప్పుడు వినిపించినట్టే నేను తలెత్తేవాణ్ణి.

మందులు కొట్టీ కొట్టీ మా ఊళ్ళో పురుగు పుట్ర తగ్గిపోయింది. పువ్వు మీద వాలే రెక్కల పురుగులు కూడా తగ్గాయి. పూత నిలవకుండా రాలిపోతుంటే పెద్దమ్మ గోడ దగ్గర స్టూలేసుకుని నాకు పని నేర్పింది.

"మగపువ్వు కొయ్. అది కాదు. పొడుగు కాడకి గుత్తిగా ఉంటయ్, అది. ఇప్పుడు ఆడపువ్వు దగ్గరికి పట్రా. కింద తోకలాగా పిందె ఉంటదే, అది ఆడపువ్వు. ఆనించు. మెల్లిగా! సున్నం కొడతన్నావా?"

ఇలా పది పదిహేను సాయంకాలాలు నేను సంబంధాలు కుదిర్చాను. మా ఆవిడ వంటింటి మెట్టు మీద నిలబడి చూసింది.

"మా చెల్లెలి సంబంధం అప్పుడు మీరు ఇంత శ్రద్ధ పెట్టలేదు," అంది.

మొదటి పిందె నిలిచిన రోజు నేను సంతోషం పట్టలేక, "అదిగో పెద్దమ్మా, నిలబడింది!" అని వేలు చాపాను.

"వేలు ముడువ్! ముడువ్ ముందు!" అని ఆవిడ స్టూలు మీంచి పడబోయింది. "పిందెని వేలెత్తి చూపిస్తే రాలిపోద్దయ్యా. ఇంత చదివావు, ఇది తెలవదా?"

"సిలబస్‌లో లేదు పెద్దమ్మా."

"చూపించాలంటే వేలు మడిచి చూపించాలి. ఇట్లా."

అప్పట్నుంచి నేను వేలు మడిచే చూపించాను. అలవాటు ముదిరి, పరీక్షల ముందు చివరి క్లాసులో బోర్డు మీది మ్యాపులో పాటలీపుత్రాన్ని కూడా మడిచిన వేలితోనే చూపించాను. పిల్లలు ఏమీ అనలేదు. వాళ్ళకి అప్పటికే నా మీద ఒక అభిప్రాయం ఉంది.

కాయలు దిగాయి. తెల్ల చార, మూరెడు పొడవు, ఆవిడ చెప్పినట్టే. వంకర తిరగకుండా కొసన చిన్న రాయి కట్టాం. గాలికి రాళ్ళు ఊగుతూ ఉంటే పందిరి కింద నడవడానికి కాస్త ఒడుపు కావాలి. నాకు నుదుటి మీద రెండుసార్లు తగిలింది. మూడు కాయలు కోసి పాలు పోసి వండింది మా ఆవిడ. గిన్నెడు పెద్దమ్మకి పంపింది. ఆవిడ తిన్నాక ఖాళీ గిన్నె తిరిగి ఇస్తూ కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుంది.

నాలుగో కాయని పెద్దమ్మ గింజకి ఎంచింది. దాని కాడకి నా చేత తెల్లటి దూదిపింజ చుట్టించి దారంతో కట్టించింది, కత్తిపీట చేతపట్టుకుని వచ్చేవాళ్ళకి కనపడాలని.

"దీనికి రాయి వద్దు. ఎట్లా పెరగాలనుంటే అట్లా పెరగనీ. నేను పెదకాకాని పోతన్నా, మా అన్న మనవరాలి పెళ్ళి. పది రోజులు. కాయ జాగ్రత్త అబ్బాయ్. ఇదొక్కటే."

జాగ్రత్త అనే మాటని నేను సీరియస్‌గా తీసుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవిడ వెళ్ళిన రెండో రోజున ఆకుల అడుగున పేనుబంక పట్టి, పేలలాంటి పురుగులు కనిపించాయి. మా ఆవిడ చూసి, "వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి చెంబుతో చల్లండి, పోతుంది," అంది. చెంబు నాకు నచ్చలేదు. ఇంత బాధ్యత నెత్తిన పెట్టి పోయిన మనిషి కోసం చెంబుతో పని చేయడం మర్యాద కాదనిపించింది. షెడ్డులోకి వెళ్ళాను. నీలం ట్యాంకులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దగ్గరున్నది తీశాను. చరిత్రలో చాలా పెద్ద నిర్ణయాలు ఇలాగే జరిగాయి.

రెండుసార్లు కడిగాను. ఏదో వాసన వచ్చింది. మందు ట్యాంకుకి మల్లెపూల వాసన రాదు కదా అనుకున్నాను. వేపనూనె కలిపి వీపుకి తగిలించుకుని, పొద్దు పొడిచే వేళ పందిరి కింద నిలబడి పైకి కొట్టాను. ఆ ఉదయం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. తుంపర పొగలా లేచి ఆకుల్లో చిక్కుకుంది. తూర్పు నుంచి ఎండ ఏటవాలుగా దూరి, ఆ పొగలో జానెడు ఇంద్రధనుస్సు ముక్క నిలబెట్టింది. ఆకు ఆకుకీ చివర బొట్టు. బొట్టు బొట్టులోనూ ఒక చిన్న పందిరి. గుంజకి కట్టిన ఎర్రగుడ్డ కూడా తడిసి మెరిసింది. టమాటాకి కొట్టాను. దోసపాదుకి కొట్టాను. ఇంకా మిగిలితే మళ్ళీ పొట్లపాదుకే కొట్టాను. రాజు పట్టాభిషేకం అయిన రోజున ఇలాగే ఉండి ఉంటుందని అనుకుంటూ మొహం కడుక్కున్నాను.

మూడో రోజుకి కొత్త ఆకులు ఆకుల్లా రావడం మానేశాయి. సన్నగా, తాళ్ళలా, కొసలు చుట్టుకుని వచ్చాయి. తీగ చివర పాములా మెలి తిరిగింది. టమాటా కొమ్మలు నేల వైపు వంగి ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాయి. ఎండ దెబ్బ అన్నాను నేను. మా ఆవిడ వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసింది.

బావ వచ్చాడు. ఒక ఆకు తుంచి, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూశాడు. మామూలుగా వీధి చివర నుంచే అరుస్తూ వచ్చే మనిషి. ఇప్పుడు గొంతు తగ్గింది.

"ఇది ఎండకి కాదు బావా. ఏం కొట్టావు?"

"వేపనూనె."

"దేంతో?"

"ట్యాంకుతో."

"ఏ ట్యాంకుతో?"

"నీలం ట్యాంకుతో."

"ఓరి నీ... రెండూ నీలమే బావా! గుడ్డ ఉన్నదా, లేనిదా?"

"లేనిది."

బావ షెడ్డులోకి వెళ్ళి వచ్చాడు. "రెండిటికీ గుడ్డ లేదు. ఎర్రగుడ్డ ఏమయింది?"

నేను తల కొద్దిగా పైకెత్తాను. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. బావ నా చూపు వెంట చూశాడు. మా ఆవిడ బావ చూపు వెంట చూసింది. ముగ్గురం పందిరి గుంజకి గాలికి ఊగుతున్న ఎర్రగుడ్డ కేసి చూస్తూ నిలబడ్డాం. జెండావందనంలా ఉంది.

"నా పాత జాకెట్టు ముక్క అనుకున్నా," అంది మా ఆవిడ మెల్లగా.

గుడ్డ కట్టి ఉన్నది గడ్డిమందు ట్యాంకు. గట్ల మీద గడ్డి చావడానికి కొట్టే మందుకి దాన్ని విడిగా ఉంచుతారు. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా అడుగున కాస్త ఉండనే ఉంటుంది. ఆ కాస్త చాలు, పత్తి గానీ కూరపాదు గానీ మెలి తిరిగి పోవడానికి. అందుకని మా వైపు రైతులు గుర్తుకి గుడ్డ కడతారు. కొందరు ఎరుపు, కొందరు ఏది దొరికితే అది. ట్యాంకుకి గుడ్డ కట్టి ఉంటే దాన్ని ముట్టుకోకూడదని ఈ ఊళ్ళో నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు. నాకు నడక ఈ ఊళ్ళోనే వచ్చింది.

బావ బట్టలుతికే రాయి మీద కూర్చున్నాడు. "ఇదే శ్రావణంలో అయితే ఏమయ్యేదో తెలుసా? చూసుకోకుండా ఆ ట్యాంకే తీసి పత్తికి కొట్టేవాణ్ణి. మొత్తం పోయేది. నాకొక్కడికి కాదు, ట్యాంకు అడిగి పట్టుకుపోయే నలుగురికీ." మళ్ళీ తనే లేచాడు. "టమాటా, దోస పీకెయ్యండి. కాయలు తినమాకండి. ఈ పాదు..." అని ఆగి, దూదిపింజ కట్టిన కాయని చూశాడు. "ఇది ఎవరిది?"

చెప్పాం.

బావ కాయ కింద చెయ్యి పెట్టి బరువు చూశాడు. "నిలబడి మూడు వారాలైందా? ఇంకో మూడు వారాలు కావాలి గింజ ముదరడానికి. తీగ చివర చచ్చింది కానీ మొదలు బతికే ఉంది. నీళ్ళు ఆపమాకండి. అది ముందు పోద్దో, కాయ ముందు ముదురుద్దో."

ఆ తర్వాత అయిదారు రోజులు నా కుర్చీ అక్కడే ఉంది, నీడ మాత్రం రోజురోజుకీ పలచబడింది. పసుపుబారిన ఆకులు ఒక్కొక్కటీ తిరుగుతూ తిరుగుతూ దిగేవి. తొందరేమీ లేనట్టు, దారి తెలిసినట్టు దిగేవి. పుస్తకం మీద ఎండ చుక్కలు పెద్దవై, ఒకదానితో ఒకటి కలిసి, చివరికి పేజీ అంతా తెల్లగా అయిపోయింది. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక ఎరుపు. అది ఎండ ఎరుపో, కల్లం ఎరుపో, ఆ గుడ్డ ఎరుపో తేల్చుకోలేకపోయాను. గుడ్డ విప్పలేదు. విప్పితే తీగ కూలుతుంది.

పెద్దమ్మకి ఏం చెప్పాలన్నది సమస్య. వైరస్ అని చెప్పొచ్చు. ఊళ్ళో మిరపకి వైరస్ వస్తే ఆకులు ఇలాగే ముడుచుకుంటాయి. ఎవరూ కాదనరు. మా ఆవిడని అడిగాను.

"మీ ఇష్టం," అంది. ఆ మాటకి మా ఇంట్లో ఒక్కటే అర్థం ఉంది.

పదకొండో రోజు పొద్దున గోడ మీద పెద్దమ్మ తల కనిపించింది. చేతులకి పెళ్ళి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. పందిరి చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో ఏదో కిందికి జారింది.

"ఎవరో వేలు చూపించినట్టున్నారు," అంది చివరికి.

నేను గోడ దగ్గరికి నడిచాను.

"చుట్టాలెవరైనా వచ్చారా? తెలియనోళ్ళు చూపిస్తారు. నిండుగా ఉన్న పాదు కదా, దిష్టి తగిలుంటది."

కారణం తనే తయారుచేసి నా చేతిలో పెడుతోంది. మిగతా తొమ్మిది పాయింట్లు అక్కర్లేదు. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నేను ఊఁ అంటే చాలు. నిజానికి ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా.

"లేదు పెద్దమ్మా. నేనే."

"నువ్వు చూపించావా?"

"చూపించలేదు. గడ్డిమందు ట్యాంకుతో కొట్టాను. దాని గుర్తుగుడ్డ విప్పి పాదుకి కట్టింది కూడా నేనే. అదిగో." అని వేలు చాపి, మడిచాను.

ఆవిడ గుడ్డని చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మెత్తటి గుడ్డ కావాలంటే నన్నడగొచ్చుగా అబ్బాయ్," అంది. "పరుపులు కుట్టేవాళ్ళ ఇంటి పక్కన ఉండి, గుడ్డ కోసం షెడ్డుకెళ్ళావా?"

గోడ మీంచి తల దిగిపోయింది. దూది మిషను కూడా ఆ పూట మొదలవలేదు. గరిట చప్పుడు మళ్ళీ వినిపించింది, కాస్త మెల్లగా.

అరగంటకి వీధి గేటు చప్పుడైంది. పెద్దమ్మ వచ్చింది. గోడ మీద మనిషిగానే చూడడం అలవాటై, పూర్తిగా కనిపించేసరికి ఇంత పొట్టి మనిషా అనిపించింది. చంకలో పరుపులకి వాడే చారల గుడ్డ మడత ఉంది.

"స్టూలు తే. ఆకు పోయాక కాయకి నేరుగా ఎండ తగులుద్ది. ఉడికిపోద్ది. గింజ లోపలే చస్తది."

నీలం చారల గుడ్డని పందిరి మీద పరిచి, నాలుగు మూలలూ తనే కట్టింది. పందిరి కింద మళ్ళీ నీడ వచ్చింది. నీలంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆ నీడలో కాయ ఒక్కటే వేలాడుతోంది, చుట్టూ ఎండుతీగలు. ఆవిడ కాయని ముట్టుకోలేదు. దూదిపింజ ముడి మాత్రం సరిచేసింది. రోజూ రెండుపూటలా వచ్చి చూసి వెళ్ళేది. నాతో మాట్లాడేది కాదు. నీళ్ళు పోశావా అని పాదునే అడిగేది. నేను పాదు తరపున పోశానని చెప్పేవాణ్ణి.

వైశాఖం సగంలో కాయ కాడ దగ్గర పసుపు తిరిగింది. పసుపు కిందికి జారుతూ నారింజ రంగు అయింది. కాయలో సగం దాకా వచ్చి ఆగింది. తీగ మొదలు అప్పటికి పుల్లలా ఎండిపోయింది. ఇక కాయకి వచ్చేదేమీ లేదు. పెద్దమ్మ చూసి, "కొయ్," అంది. మాట కరువైన రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

విప్పితే లోపల ఎర్రటి గుజ్జు. కల్లం మీద మిరప కూడా ఆ ఎరుపు ముందు వెలవెలబోతుంది. గింజలు ఇరవై పైనే ఉన్నాయి. మూడు రోజులు నీడలో ఆరబెట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి వేసింది. అన్నీ తేలాయి. తేలినవి తాలు. మా ఆవిడ నా వైపు చూడలేదు, అది ఆవిడ దయ. పెద్దమ్మ వేలితో నీళ్ళు మెల్లగా తిప్పింది. ఒకటి మునిగింది. ఇంకొకటి. మొత్తం అయిదు అడుగుకి చేరాయి.

"రెండిటిని తడిదూదిలో పెడతా," అంది.

"ఉన్నవే అయిదు పెద్దమ్మా. అవి పాడైతే?" అంది మా ఆవిడ.

"చచ్చిన గింజలు దాచుకుని ఏం చేసుకుంటాం? బతికున్నయ్యో లేదో తెలవాలిగా."

ఏడు రోజులు ఏమీ లేదు. ఎనిమిదో రోజు నేను అడగడం మానేశాను. తొమ్మిదో రోజు పొద్దున నేను కుర్చీలో సగం నిద్రలో ఉండగా గోడ మీంచి, "అబ్బాయ్! రా," అని కేక. వెళ్ళాను. ఆవిడ అరచేతిలో తడిదూది విప్పి ఉంది. ఒక గింజ మెత్తబడి కుళ్ళింది. రెండోది నోరు విప్పి, లోపలి నుంచి తెల్లటి వేరు ఒకటి, దారపుపోగంత, బయటికి తొంగి చూస్తోంది. వేలు మడిచి చూపించాను.

"పైకి మొలిచేదాకా నువ్వు దాన్ని చూపించమాక, మడిచి కూడా," అంది.

మూడు గింజలు మళ్ళీ పౌడరు డబ్బాలోకి వెళ్ళాయి. మొలకెత్తిన దాన్ని మా పెరట్లో పెడుతుందని ఎదురుచూశాను. ఆవిడ తన సిమెంటు మీద, గోడకి ఆనించి, సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టించి, మట్టి నింపి అందులో పెట్టింది.

"వేరు నా దగ్గరుంటది. తీగ మీ పందిరెక్కుద్ది. కాయలు చెరిసగం."

న్యాయంగానే తోచింది. నా చేతికి వేరు అప్పగించే పరిస్థితి లేదు.

ఆ సాయంత్రం ఎండిన తీగని పందిరి మీంచి లాగేశాం. ఎర్రగుడ్డ నా చేతికి వచ్చింది. పెద్దమ్మ అది లాక్కుని నేరుగా షెడ్డులోకి వెళ్ళి, పరుపు కుట్టే పెద్ద సూది తీసి, పురికొసతో ట్యాంకు బెల్టుకి కుట్టేసింది. ఒక వరస కాదు, మూడు వరసలు. పరుపుకి మూల కుట్టు వేసినట్టు. బావ పక్కన నిలబడి చూస్తూ, "ఏ ట్యాంకో నువ్వు బాగా చూసుకో అత్తమ్మా," అన్నాడు.

"వాసన చూశాలే. ఇప్పుడు విప్పమను చూద్దాం," అంది నా వైపు తిరక్కుండా.

రోహిణి కార్తె ఎండల్లో డ్రమ్ములో మొక్క గోడ పైకి వచ్చింది. ఇవాళ పొద్దున చూస్తే నులితీగ ఒకటి గోడ దాటి, మా వైపు గాలిలో మెల్లగా తిరుగుతోంది, పట్టుకోవడానికి ఏదైనా ఉందా అని. నేను కుర్చీలోంచి లేచాను. షెడ్డు వైపు చూశాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాను.

"పెద్దమ్మా, మెత్తటి గుడ్డేమైనా ఉందా?"

దూది మిషను ఆగింది.

"ఏ రంగు కావాలి?" అంది లోపలి నుంచి.